వీర్రాజు గారి షోకేసు

మొన్న అమలాపురంలో ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లాను. పెళ్లికూతురు గది తలుపు తీయగానే పౌడరు వాసన గుప్పుమంది. ఆ అమ్మాయి మెడ చామనచాయలో ఉంది, ముఖం మాత్రం సున్నం వేసిన గోడలా ఉంది. నన్ను చూడగానే, "అక్కా, కాస్త తెల్లగా వచ్చేలా చూడండి" అంది. ఆ మాట నాకు కొత్త కాదు. కానీ ఆ వాసనతో పాటు రాజోలు బస్టాండు దగ్గర ఒక చిన్న స్టూడియో, చేతులు కట్టుకుని అందులో నిలబడ్డ వీర్రాజు గారు కళ్ల ముందుకొచ్చారు. నాకు కెమెరా పట్టడం నేర్పింది ఆయనే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి కూడా నేర్పారు. అయితే దాన్ని ముందు ఆయనే నేర్చుకోవలసి వచ్చింది, అదీ నా కళ్లెదుటే.

మాది రాజోలుకి దగ్గర్లో నగరం అనే ఊరు. డిగ్రీ అయ్యాక, కంప్యూటర్లో ఫొటోలు దిద్దడం నేర్చుకుని ఆయన దగ్గర పనికి చేరాను. అదే వారం స్రవంతి అనే అమ్మాయి కూడా చేరింది. ఇద్దరికీ వచ్చిన పని ఒకటే. ఆయన మమ్మల్ని ఒకసారి చూసి, "స్రవంతీ, నువ్వు కౌంటర్లో కూర్చోమ్మా. మంగా, నువ్వు లోపల సిస్టమ్ చూసుకో" అన్నారు. స్రవంతి పచ్చగా ఉండేది. నేను నలుపు. అందులో తప్పేమైనా ఉందని ఆయనకు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు. ఆయన మంచి మనిషి, మమ్మల్ని ఒక్కనాడూ కసురుకోలేదు. లోపలి గదిలో నా పనల్లా ముఖాలు తెల్లబరచడం. అడిగినవాళ్లకీ చేసేదాన్ని, అడగనివాళ్లకీ చేసేదాన్ని. "వచ్చినవాళ్లు సంతోషంగా వెళ్లాలమ్మా" అనేవారు వీర్రాజు గారు. నా కాలేజీ ఫొటో కూడా ఎవరో అలా తెల్లగా చేసి ఇచ్చిందే. దాన్ని పర్సులో భద్రంగా దాచుకుని తిరిగేదాన్ని.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక వానాకాలం ఉదయం సముద్రం వైపు ఊరి నుంచి పోలమ్మ గారనే ఆవిడ వచ్చింది. ఆవిడ భర్త చేపల వేటకు వెళ్తాడు. కూతురు దుర్గ జ్వరంతో పోయి అప్పటికి నెల కావస్తోంది. నర్సింగులో చేరేటప్పుడు ఆ అమ్మాయి మా దగ్గరే ఫొటో దిగింది. దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టించమని అడిగింది పోలమ్మ గారు. నేను ఫైలు వెతికి ప్రింటు తీశాను, వీర్రాజు గారు స్వయంగా ఫ్రేము బిగించి ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, "ఈ పిల్ల ఎవరండీ?" అంది.

"మీ అమ్మాయే కదండీ."

"ఆయ్, డ్రెస్సు మా అమ్మాయిదేనండీ. మొహం కాదండీ. మా దుర్గ నలుపండీ, నాలాగే. నవ్వితే ఇదిగో, ఇక్కడ బుగ్గ మీద సొట్ట పడేదండీ. ఈ పిల్లని గోడకి తగిలించుకుని నేనెవర్ని చూసుకోవాలండీ?"

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. వీర్రాజు గారు నా వైపు తిరిగి, "అసలు ఫొటో తియ్యమ్మా" అన్నారు. అసలుది లేదు. దిద్దిన ఫొటో దాచుకుని అసలుది తీసేయడం మా అలవాటు. ముఖాన్ని నునుపు చేస్తూ ఆ బుగ్గ సొట్టను చెరిపేసింది నా చెయ్యే. "లేదండీ" అన్నాను తల దించుకుని. ఎదుట మనిషి నిలబడి ఉండగా వీర్రాజు గారు కుర్చీలో కూలబడటం అదే మొదటిసారి చూశాను.

మర్నాడు పోలమ్మ గారు దుర్గ స్కూలు గ్రూపు ఫొటో పట్టుకొచ్చింది. చివర నిలబడ్డ దుర్గ ముఖం నల్లటి మచ్చలా ఉంది, కళ్లూ పళ్లూ తప్ప ఏమీ తెలియడం లేదు. వెనక్కి తిప్పి చూస్తే మా స్టూడియో ముద్ర ఉంది. వీర్రాజు గారు దాన్ని చూస్తూ, "మధ్యలో ఉన్న తెల్లపిల్లలకి సరిపోయేట్టు లైటు పెట్టేను. ఒకదాంట్లో సున్నం కొట్టేను, ఇంకోదాంట్లో చీకట్లో పడేసేను. ఈ పిల్ల ఎలా ఉంటుందో ఒక్కసారీ చూళ్లేదు" అన్నారు. నాకు చెబుతున్నట్టు లేదు, తనకు తాను చెప్పుకుంటున్నట్టు ఉంది.

గ్రూపు ఫొటోలు దిద్దేవాళ్లం కాదు కాబట్టి దాని అసలు ఫైలు పాత డిస్కులో దొరికింది. రెండు రోజులు కూర్చుని ఆ నీడలోంచి ముఖాన్ని కొంచెం కొంచెంగా పైకి తెచ్చాం. పోలమ్మ గారిని నా పక్కనే కూర్చోబెట్టి, "మీరు చెప్పండమ్మా, మాకు తెలీదు" అన్నారాయన. "ఇంకాస్త... అబ్బే, అంత వద్దండీ..." అంటూ ఆవిడ చెబుతూ ఉంటే నేను చేస్తూ పోయాను. బుగ్గ మీద సొట్ట తేలగానే ఆవిడ చెయ్యి చాచి తెరను తాకింది. "వచ్చేసిందండీ" అంది.

ఆవిడ ఫ్రేము గుండెకు హత్తుకుని వెళ్లాక, వీర్రాజు గారు బయట, మేం తీసిన ఫొటోలు పెట్టే షోకేసు ముందు నిలబడి నన్ను పిలిచారు. "ఇందులో నీలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారమ్మా?" చూశాను. ఒక్కరూ లేరు. రాజోలు బజార్లో పొద్దున్నే మాకు ఎదురయ్యే మనుషులెవరూ ఆ అద్దం వెనక లేరు. ఆయన కౌంటర్లో ఉన్న స్రవంతి వైపు చూశారు, మళ్లీ నన్ను చూశారు. "నిన్ను లోపల కూర్చోబెట్టింది కూడా ఈ కళ్లేనమ్మా" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు. "మనుషులతో మాట్లాడ్డం నాకూ వచ్చండీ" అన్నాను. రెండేళ్లలో ఆయనకు ఎదురు చెప్పిన మొదటి మాట అదే.

"ఆయ్. రేపట్నించి మాట్లాడు. కెమెరా కూడా పట్టు."

లోపలి నుంచి స్రవంతి, "హమ్మయ్య! కౌంటర్లో నవ్వి నవ్వి నాకు దవడలు నొప్పెడుతున్నాయండీ. ఇక ఆ సిస్టమ్ ముందు నన్ను కూర్చోనివ్వండి" అంది. ముగ్గురం నవ్వాం.

ఆ వారమే ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురు లైటు ఆపేసి, పక్కన తెల్లగుడ్డ కట్టి, దాని మీంచి వెలుగు పడేలా చేసి ఫొటో తీశారు. నన్ను అడిగి షోకేసు మధ్యలో పెట్టారు. నా రంగులో అన్ని ఛాయలున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకాయన వచ్చి, "ఈ నల్లపిల్లని ఎందుకు పెట్టేరండీ?" అని అడిగితే, "ఆవిడ మా ఫొటోగ్రాఫరండీ" అన్నారు వీర్రాజు గారు. ఆ జవాబు విన్న రోజు నా నడకే మారిపోయింది. అందరూ మెచ్చుకున్నారని కాదు. తెల్లగా చేయలేదని వేరే స్టూడియోకి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అప్పటి నుంచి ఎవరైనా అడిగితే రెండు రకాలూ తీసి పక్కపక్కన పెట్టి చూపించేవారు. కొందరు తెల్లది తీసుకునేవారు. కొందరు మాత్రం తమ ముఖాన్నే ఎంచుకునేవారు.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకు సొంత స్టూడియో ఉంది, నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలా అని చూసినప్పుడు నా మనసు కూడా చటుక్కున ఒక జవాబు చెబుతుంది. ఆ మొదటి జవాబును నేను నమ్మను. అందరికీ అన్ని పనులూ ఇచ్చి చూశాకే తేలుస్తాను. గ్రూపు ఫొటో తీసే ముందు వరసంతా నడిచి వస్తాను. అందరికన్నా నల్లటి ముఖం ఎవరిదో చూసి, వాళ్లని వెలుగుకి దగ్గరగా తెచ్చి నిలబెడతాను. ఆ ముఖం నాకు కనబడ్డాకే బటను నొక్కుతాను.