గులాల్ సన్మానం

కామాటిపురలో వరస గదులుండే ఓ చాల్‌లో గదుల సొంతదారులు నీళ్ల కోసం సంఘం పెట్టుకున్నారు. ఎన్ని అర్జీలిచ్చినా నల్లా మాత్రం తడవలేదు. చివరికి సంఘంలోని వజ్రమ్మకు విసుగొచ్చింది.

"సాబును సన్మానానికి పిలువుండ్రి. మిగిలింది నేను జూస్కుంట," అంది.

నీళ్ల ఇంజనీరు దాదర్‌లో ఉండే తెలుగాయనే. సంబరంగా వచ్చాడు. సంఘంవాళ్లు శాలువా కప్పారు. వజ్రమ్మ ఆయన ముఖమంతా గులాల్ రంగు పూసింది. కడుక్కుందామని ఆయన నల్లా తిప్పితే ఉత్త గాలే వచ్చింది.

"నీళ్లు లేవా అమ్మా?"

"ఉంటే మిమ్మల్నెందుకు పిలుస్తం సాబ్," అంది వజ్రమ్మ వినయంగా.

ఆ ముఖంతో ఆఫీసుకు పోలేక ఆయన అక్కడే కూర్చుని ఫోన్లు చేశాడు. కాసేపట్లో మనుషులొచ్చి, తవ్వి, పూడుకుపోయిన పైపు మార్చారు.

మొదటి బిందె వజ్రమ్మ ఆయన ముందే పెట్టింది. సంఘంవాళ్లంతా చుట్టూ నిలబడి, ఆయన ముఖం కడుక్కోవడాన్ని కళ్లారా చూశారు.