అన్నయ్యగారి వంకీల బాకు

మొన్న ఆదివారం మా ఆడపడుచు కొడుకు ఫోన్‌లో ఒక ఫోటో పంపాడు. ఎర్ర ముఖమల్ గుడ్డ మీద, పాము పాకినట్టు వంకీలు తిరిగిన బాకు. “అత్తా, ఇది డాడీ వాళ్ళ ముత్తాతదే కదా? కిడ్స్ కోసం స్టోరీ రాసి ఫ్రేమ్ చేయిస్తున్నా,” అని కింద రాశాడు. కాదని, అది జావా దేశపుదని, వాళ్ళ నాన్న ఫ్లీ మార్కెట్‌లో కొన్నదని ఉన్నదున్నట్టు జవాబు రాశాను. కాసేపటికి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చింది. ఫ్రేమ్ అప్పటికే గోడెక్కిందని తర్వాత తెలిసింది. ఫోటోకి వాసన ఉండదంటారు గానీ నా ముక్కుకి మాత్రం ఆ పాత కంపు తగిలి, కాఫీ పక్కన పెట్టేశాను.

డెబ్బైల చివర మావారు న్యూజెర్సీలో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ చేస్తుండేవారు. మేమిద్దరం ఆయన అక్కగారింట్లో, బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఆమె భర్తని అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. ఇంజనీరు, మాకు నీడనిచ్చిన మనిషి. ఆదివారాలు ఫ్లీ మార్కెట్లు తిరిగి, ఎప్పుడో పోయినవాళ్ళ సామాను ఇంటికి మోసుకొచ్చేవారు. మూతల్లేని టీ పాత్రలు, ఎవరిదో పెళ్ళి ఆల్బమ్, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు కూడా. ఆ పళ్ళు వంటింటి కిటికీలో వారం రోజులు నవ్వుతూ కూర్చున్నాయి. అలాగే ఒకనాడు ఈ బాకు వచ్చింది. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చదివి ఉద్యోగం లేకుండా ఉన్నాను కాబట్టి, “చెల్లెమ్మా, నీ చదువుకి పని దొరికింది,” అని నా చేతిలో పెట్టారు.

పైన పడవ ఆకారంలో చెక్కిన ఒర. లాగితే రాలేదు, గట్టిగా లాగితే జిగురు సాగినట్టు సాగుతూ వచ్చింది. మక్కిపోయిన కొబ్బరినూనె, దాంట్లో ఊరిన దుమ్ము, కాళ్ళు లేని బొద్దింక ఒకటి. తల పక్కకి తిప్పుకొని పని చేశాను. పిడి వంగి కూర్చున్న ముసలివాడిలా ఉంది. పిడికీ కత్తి అలుగుకీ మధ్య, చిన్న గిన్నెలాంటి ఇత్తడి ఉంగరానికి గాజు రాళ్ళు పొదిగారు. పిడిని కాస్త వేడి చేసి తిప్పితే ఊడింది. లోపల, అలుగు తోకలా పిడిలోకి దిగే ఇనప మొలకి నల్లటి ఉండ చుట్టి ఉంది. పట్టకారుతో విప్పితే అది జుట్టు. మనిషి జుట్టు, పొడుగాటిది, నూనెలో నాని అట్టకట్టింది. సింకు దగ్గరికి పరిగెత్తి కక్కుకున్నాను. తర్వాత దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి చెత్తలో పారేశాను.

వదిన చింతపండు నానబెట్టే వెడల్పాటి గిన్నెలో నిమ్మరసం పోసి అలుగుని నానేశాను. ఇండియా నుంచి తెచ్చుకున్న కుంకుడుకాయలు కొట్టి ఆ రసంతో, పాత టూత్‌బ్రష్‌తో నాలుగు రోజులు తోమాను. మురికి పోయాక, నల్లటి ఇనుములో తెల్లటి గీతలు బయటపడ్డాయి. వానచినుకు పడ్డ నీటిలా వలయాలు వలయాలుగా. అంత రోతలోంచి అంత అందం వస్తుందని అనుకోలేదు.

మావారి వార్డులో జావా నుంచి వచ్చిన నర్సు ఒకావిడ ఉండేది, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. మావారు చెప్పగా చూడ్డానికి ఇంటికొచ్చింది. చెప్పులు విప్పి, రెండు చేతులా బాకు అందుకుంది. దాన్ని క్రిస్ అంటారని చెప్పింది. వంకీలు లెక్కపెట్టి పదకొండు అంది, అవి ఎప్పుడూ బేసిగానే ఉంటాయట. నిమ్మరసం, కుంకుడుకాయ అనగానే నవ్వింది, వాళ్ళ ఊళ్ళోనూ అలాగే కడుగుతారట. ఆ నలుపు ఎలా వస్తుందని అడిగాను. పాషాణం పూస్తారని మామూలుగా చెప్పింది. ఆ గిన్నెలో మధ్యలో రెండుసార్లు చారుకి చింతపండు నానబెట్టాం, అందరం తిన్నాం. ఆ సాయంత్రమే గిన్నెను బయట పారేశాను. వదిన దానికోసం వారం రోజులు వెతికింది.

వెళ్ళేముందు ఆవిడ, “మొలకి ఏదైనా చుట్టి ఉండాలే?” అని అడిగింది. జుట్టు సంగతి చెప్పాను. పిడి బిగుతుగా ఉండడానికి కొందరు గుడ్డ చుడతారని, కొందరు జుట్టు చుడతారని, వాళ్ళ నాన్న తన బాకుకి వాళ్ళ అమ్మ జుట్టు చుట్టుకున్నాడని చెప్పింది. నేను దాన్ని ఏం చేశానో మాత్రం అడగలేదు.

అన్నయ్యగారికి ఆ నలుపు నచ్చలేదు. రాజుల కత్తి తళతళలాడాలన్నారు. నేను వద్దంటున్నా వినకుండా గరాజ్‌లో డ్రిల్లుకి తీగల బ్రష్ తగిలించి, అరగంటలో దాన్ని స్టీలు గరిటెలా చేశారు. ఒక్క గీత మిగల్లేదు. “ఇప్పుడు చూడు, ఎంత నీట్‌గా ఉందో!” అని మురిసిపోయారు. ఆ తళతళ చూడలేక బేస్‌మెంట్‌లోకి దిగిపోయాను.

ఆ దీపావళికి తెలుగువాళ్ళందరం ఒక స్కూలు హాల్లో కలిశాం. ఇళ్ళలోని పాత వస్తువులన్నీ ఒక బల్ల మీద పెట్టారు. అన్నయ్యగారు బాకు పెట్టి, జమీందారు దగ్గర దివానుగా చేసిన తమ ముత్తాతగారిదని ఇంగ్లీషులో అట్ట రాసి నిలబెట్టారు. అడిగినవాళ్ళకల్లా ఆ ముత్తాత యుద్ధాలు చెబుతున్నారు. ఆ జావా నర్సుని కూడా పిలిచింది నేనే, బాకు అలా తయారుకాకముందు. పట్టుచీరలో ఒక పెద్దావిడ నన్ను ఆపి, “నిజంగా వాళ్ళదేనామ్మా?” అని అడిగింది. అన్నయ్యగారు నావైపే చూస్తున్నారు. పక్కనే నర్సు నిలబడి ఉంది. బేస్‌మెంట్ గది గుర్తొచ్చింది.

“వాళ్ళ ముత్తాతగారిదటండీ,” అన్నాను.

ఏమంటున్నారని నర్సు అడిగితే, బాకు బాగుందంటున్నారని చెప్పాను. ఆవిడ అట్ట చదివింది. అలుగుని వేలితో ఈ చివర్నించి ఆ చివరిదాకా నిమిరి, వేలు చూసుకుంది.

“ఇక దీన్ని కడగక్కర్లేదు,” అంది నాతో, మెల్లగా. “కడగడానికి ఏమీ మిగల్లేదు.”

భోజనానికి ఆగలేదు. తర్వాత ఎక్కడ కనిపించినా పలకరించేది గానీ, మా ఇంటికి మళ్ళీ రాలేదు. మరుసటేడు వేరే అపార్ట్‌మెంట్‌కి మారాం. అన్నయ్యగారి మీద కోపం పోయింది, ఆయనా పోయారు. నలభై ఏళ్ళకు పైగా గడిచేసరికి ఆయన అబద్ధం పాతబడి ఆ ఇంట్లో నిజమైపోయింది. నేనన్న ఆ ‘అట’ మాత్రం నాలుక మీద ఇంకా నిన్నటిదిలాగే ఉంది.