పేరున్న కత్తి

తమ్ముడు పోయాడన్న కబురు ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుండగా చేరింది. భద్రాచలం బస్సు డిపోలో అతనితో పనిచేసే మనిషి ఫోన్ చేసి, "అక్కా, జర కూసో" అన్నాడు. కూర్చోలేదు, నిలబడే విన్నాను. పనిలోనే గుండె ఆగిందట.

నలుగురిలో నేను పెద్దదాన్ని, అతను ఆఖరివాడు. పెళ్లి చేసుకోలేదు. మా ఇంటి వెనక గదిలో ఉండేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు సైన్యంలో చేరబోతే కంటిచూపు చాలదని పంపేశారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కానీ సెలవు దొరికితే చర్ల సంతకో టేకులపల్లి సంతకో పోయి, పాత ఇనుము కుప్పల ముందు గొంతుక్కూర్చుని, సైనికులు వాడి వదిలేసిన కత్తులు ఏరేవాడు. ఒక పూట భోజనం ఖర్చు కన్నా ఎక్కువ పెట్టి ఏదీ కొనలేదు.

ఏది అసలుదో ఏది నకిలీదో తెలుసుకోవడానికి అతనికి చూపుతో పని లేదు. పిడి పక్కన ఉండే తయారీ ముద్ర మీద బొటనవేలు పెట్టి కళ్లు మూసుకునేవాడు. అసలు ముద్ర సుత్తి దెబ్బతో లోతుగా దిగి ఉంటుంది, నకిలీది పైపైన గీరినట్టుంటుంది. "మెరిసేదాన్ని నమ్మకక్కా, అరిగినదాన్ని నమ్ము" అనేవాడు. మనుషుల సంగతి కూడా అలాగే చూసేవాడని నాకు ఆలస్యంగా తెలిసింది.

కత్తి ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పిడి అవతలి మనిషి వైపు ఉండేలా నేల మీద పెట్టేవాడు, వాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే మాట పట్టింపు వస్తుందని మా అమ్మ అనేది. "ఇది బైబిల్లో ఏడుంది తమ్మీ?" అని నేను ఎత్తిపొడిచేదాన్ని. "బైబిల్లో లేదు, అమ్మ చెప్పింది" అనేవాడు.

ఇంకొక నియమం ఉండేది. పేరో నంబరో రాసి ఉన్న కత్తి దొరికితే దాన్ని తన పెట్టెలో పెట్టుకోడు. "పేరున్న కత్తి నాది కాదక్కా. ఇల్లు తప్పిపోయింది, అంతే." తెలిసిన మాజీ సైనికుల ద్వారా ఆ ఇల్లు కనుక్కుని చేర్చేవాడు.

ఏడేళ్ల కింద చర్ల సంతలో అలాంటిదొకటి దొరికింది. ఖాకీ గుడ్డ ఒరలో ఉంది. ఒర మీద సిరాతో ఏదో నంబరు, పక్కన పేరు, మురికిలో సరిగా కనిపించకుండా. ఆ అక్షరాలు ఆదివారం తీరిగ్గా చూసి రాసుకుందామని కిటికీలో పెట్టి డ్యూటీకి పోయాడు. ఒర మురికిగా ఉందని నేను సబ్బుపెట్టి, బ్రష్షుతో రుద్ది, బట్టలతో పాటు తీగ మీద ఆరేశాను.

సాయంత్రం వచ్చి ఒర చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు తిప్పి చూశాడు.

"మంచిగ ఉతికినవక్కా. ఎన్నేండ్ల మురికో. ఆయన పేరు కూడ పోయింది."

కోపం లేదు ఆ గొంతులో. ఎవరింటికో చేరవలసిన ఒకే ఒక్క గుర్తును నా చేత్తో తుడిచేశాను. ప్రభువా, ఆ ఇల్లు చూపించు అని మోకాళ్ల మీద అడిగాను. అతను మాత్రం దీపం దగ్గర కూర్చుని కత్తినే అడిగాడు.

"ఇటు చూడక్కా. సాన పట్టిన గీతలు తిరగేసి ఉన్నయి. ఎడమచేతి వాటం. పిడికి చుట్టిన దారం చూడు, ఇది వల అల్లెటోళ్లు వేసే ముడి. గోదారి ఒడ్డు మనిషే."

మూడు ఆదివారాలు తిరిగాం. చర్ల దారిలో పోలీసు క్యాంపు దగ్గర బస్సు ఆపి సంచులు చూసేవారు. అడగకముందే తమ్ముడు కత్తి తీసి కింద పెట్టాడు.

"ఏందయ్యా ఇది?" అన్నాడు జవాను.

"ఒక ఫౌజీది సార్. ఆయన ఇల్లు ఎతుకుతున్నం."

"అడ్రసు?"

"మా అక్క ఉతికేసింది సార్."

బస్సంతా నవ్వింది. జవాను కూడా నవ్వి, కత్తి కాసేపు చూసి, తీసుకొమ్మన్నాడు. నేను కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

మూడో ఆదివారం ఏటి ఒడ్డున ఒక గుడిసె ముందు ముసలామె వల బాగుచేస్తూ కనిపించింది. తమ్ముడు కత్తి బయటకు తీయలేదు. పక్కన కూర్చుని, "అవ్వా, ఈడ ఎడమచేతి వాటం ఫౌజీ ఎవరన్న ఉన్నరా?" అన్నాడు.

ఆమె చేతులు ఆగాయి.

"ఉండె" అంది.

ఆమె కొడుకు సరిహద్దులో చనిపోయాడట. అతని సామాను పెట్టెలో వచ్చిందట. ఈమె దవాఖానాలో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు పాత ఇనుములో కలిపి కత్తి అమ్మేశారట. తమ్ముడు అప్పుడు దాన్ని నేల మీద పెట్టాడు, పిడి ఆమె వైపు. ఆమె ముందు పిడిని తీసుకోలేదు. దారం ముడి మీద వేలు పెట్టింది. "ఈ ముడి నేనే నేర్పిన" అంది.

కొడుకు పేరు అడిగి, తమ్ముడు జేబులోంచి పెన్ను తీసి, ఒర మీద గుండ్రటి అక్షరాలతో మళ్లీ రాశాడు. "అవ్వా, దీన్ని ఉతకొద్దు. మా అక్క చేతికైతే అసలే ఇయ్యొద్దు" అన్నాడు. ఆమె నవ్వింది. నా మనసులోని బరువు ఆ నవ్వులో దిగిపోయింది.

మొన్న సమాధి కార్యక్రమానికి ఆ అవ్వ బస్సెక్కి ఒంటరిగా వచ్చింది. కబురు ఎవరు చెప్పారో అడగలేదు. కొంగులోంచి కత్తి తీసి, ప్రార్థన జరిగినంతసేపూ తమ్ముడి పక్కన పెట్టి ఉంచింది. శవపెట్టె మూసే ముందు నేను దాన్ని తీసి నేల మీద పెట్టాను, పిడి ఆమె వైపు.

అప్పుడు చూశాను ఒరను. పొగ చూరి, చేపల వాసన పట్టి, ఏడేళ్ల మురికితో నల్లబడింది. మధ్యలో తమ్ముడి గుండ్రటి అక్షరాలు. ఒక్కటీ చెరగలేదు.