తడి తాడుకు తరుగు

ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో నా ప్రాజెక్టు ఒక చిన్న తెరచాప పడవ. గాలి వీచినప్పుడు తెరచాప కొయ్య మీద, దాన్ని నిలబెట్టే తాళ్ల మీద ఎంత బరువు పడుతుందో కొలవాలి. మా గుంటూరులో గాలి మిరప ఘాటు మోసుకొస్తుందే తప్ప పడవలు నడపదు. మరి ఎందుకు ఎంచుకున్నానంటే, పొగరు. ప్రాజెక్టు పోతే ఏడాది పోయినట్టే.

కొలిచే పరికరం కాలేజీలో లేదు. మిరపయార్డులో బస్తాలు తూచే మా బాబాయి తన కొక్కెం కాటా భుజాన వేసుకుని నాతో చీరాల దగ్గర సముద్రానికి వచ్చాడు. కొయ్య పైనుంచి దిగే తాడుకీ పడవ ముక్కుకీ మధ్య కాటా తగిలించాం. నేను ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, వాంతి ఆపుకుంటూ, ఆయన ముల్లు చూసి చెప్పిన అంకెలు రాసుకున్నాను.

అవి నేను కట్టిన లెక్కకంటే బాగా తక్కువ వచ్చాయి. బాబాయి తూకాన్ని యార్డులో ఎవరూ శంకించరు కాబట్టి నా లెక్కే తప్పనుకున్నాను. పరీక్షనాడు కాటా తీసేసి, ఆ అంకెలకు సరిగ్గా సరిపోయే సన్న తాడు కట్టాను. పిసరంత కూడా ఎక్కువ బలం లేకుండా.

నేనూ బాబాయీ ఎక్కిన పడవలో ఎగ్జామినర్ గారూ ఎక్కి కూర్చున్నారు. ఇంకా నడుంలోతు నీళ్లలో ఉండగానే, మొదటి గాలికే తాడు తెగింది. కొయ్య తాపీగా వాలింది. తెరచాప ఆయనకు దుప్పటిలా ముసుగేసింది. పడవ బోల్తా పడింది. నాకు ఏడుపొచ్చింది.

ఒడ్డున ఆయన చొక్కా పిండుకుంటూ అంకెలు ఎవరు చదివారని అడిగారు.

"నేనేనండి. తాడు తడిసుంది కదండి, తేమకి తరుగు తీసి చెప్పాను," అన్నాడు బాబాయి.

యార్డుకు తడి కాయ వస్తే అంతే, తూకంలో కొంత కోసేస్తారు. ఇరవై ఏళ్ల అలవాటు ఆయనది. సముద్రంలో తాడైనా సరే, తడిసిందా, కోత పడాల్సిందే. ఆయన్ని అక్కడే ముంచేయాలనిపించింది.

ఎగ్జామినర్ గారు మాత్రం ఎంతెంత తీశారని అడిగారు. బాబాయి తడుముకోకుండా అప్పజెప్పాడు. పెద్ద అల తడిపినప్పుడు పన్నెండు కిలోలు, కాస్త ఎండ తగిలాక అయిదు, అలా చివరిదాకా. అవన్నీ తిరిగి కలిపితే నా లెక్కకు దగ్గరగా వచ్చాయి. ఇందాక ముంచాలనుకున్న మనిషి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పాసయ్యాను. కానీ అనుకున్నదానికి పది మార్కులు తగ్గాయి. ముఖం మాడ్చుకుని ఆ మాట చెబితే, బాబాయి కాటాకు పట్టిన ఉప్పు తుడుస్తూ తలూపాడు.

"ఆ రోజు మనం తడిసున్నాం కదమ్మా. తరుగు తీసుంటారు."