రెండు ఓట్ల ఇల్లు

మా వార్డు కౌన్సిలర్ మధ్యలోనే తప్పుకోవడంతో కోరుట్లలో ఒక్క మా వార్డుకే ఉప ఎన్నిక వచ్చింది. ఊరంతా మామూలుగా ఉంటే మా నాలుగు గల్లీల్లోనే మైకులు, జెండాలు. ఆ కొద్ది రోజుల్లో మా గేటు గొళ్ళెం చప్పుడైనంతగా అంతకుముందు రెండేళ్ళలో కాలేదు. నా భార్య పోయి అప్పటికి రెండేళ్ళు.

నేను జగిత్యాలలో కిరాణా దుకాణాల మధ్య పెరిగి, కోరుట్లలో దుకాణం నడిపినవాణ్ణి. గిరాకీ ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో మనిషి చెప్పులు చూసి చెప్పగలను. ప్రచారం వాళ్ళ పద్ధతి కూడా మొదటిరోజే పట్టేశాను. ఒక్క ఓటున్న ఇంట్లోకి కరపత్రం విసిరి పోతారు. రెండుంటే నిలబడతారు. కాస్త మాట కలిపితే కూర్చుంటారు. ఓటర్ల జాబితాలో మా ఇంటి నంబరు కింద ఇంకా నాదీ ఆమెదీ రెండు పేర్లున్నాయి. ఆమె పేరు తీసేయమని దరఖాస్తు ఇవ్వాల్సింది నేనే. ఆఫీసుకు పోవడం బద్ధకమని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఎంత పుచ్చు సరుకైనా నేను చెబితే కళ్ళు మూసుకుని కొనే గిరాకీని నేనొక్కణ్ణే.

ప్రచారానికి ఒక పార్టీవాళ్ళు రాయికల్ నుంచి ఒకావిడను తీసుకొచ్చారు. బీడీలు చేసే మనిషి. మా గల్లీ ఆమెకు కొత్త.

"సేటూ, ఇంట్ల రెండోట్లున్నయి గదా. వదిన ఏది?"

"సిరిసిల్ల పోయింది, తల్లిగారింటికి."

బేరంలో మొదటి ధర నోట్లోంచి దానంతటదే వచ్చినట్టు వచ్చింది ఆ మాట.

"ఎప్పుడస్తది?"

"రెండు మూడు దినాలల్ల. నువ్వు మల్ల రా. ఆమెను అడగకుంట నేనేం చెప్త?"

మళ్ళీ వచ్చింది. చాయ్ పెట్టాను. రెండు కప్పులు కడగడం చేతికి కొత్తగా అనిపించింది.

"ఇంక రాలేదా? పంచాది పెట్టుకున్నరా ఏంది?"

"జర అలిగింది."

"ఏమన్నవ్?"

"ఏం అనలే. గదే ఆమె బాధ."

ఆవిడ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు. దుకాణంలో రోజంతా గిరాకీతో వాగి, ఇంటికొచ్చి నోరు మూసుకునేవాణ్ణి.

పోతూ పోతూ రెండు ఓటరు చీటీలు చేతిలో పెట్టి పాఠం చెప్పింది. "ముద్ర గుద్దినంక కాగితం ముందు నిలువుకు మడువాలె సేటూ, తర్వాత అడ్డం. లేకుంటే సిరా పక్క గుర్తుకు అంటుతది, ఓటు చెల్లది."

"పొట్లాలు కట్టిన చేతులకు మడత నేర్పుతున్నవా?"

"గందుకే చెప్తున్న. పొట్లం కట్టకు."

బయటి ఊళ్ళ నుంచి వచ్చిన అవతలి పార్టీవాళ్ళకూ సిరిసిల్ల మాటే చెప్పాను. వాళ్ళలో ఒకతను గేటు దగ్గర నవ్వుతూ, "ఆమె రాకుంటే ఫికర్ చెయ్యకు సేటూ, గా ఓటు ఎవరితోనన్న ఏపిద్దం" అన్నాడు. హాస్యానికే అని ఉండొచ్చు. కానీ అదే జరిగితే? ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఆమె పేరు చెప్పుకుని ఆడవాళ్ళ లైనులో నిలబడుతుంది. సిరా ఆ మనిషి వేలికి పెడతారు. అప్పటికైనా నిజం చెప్పాల్సింది. చెబితే ఇల్లు ఒక్క ఓటుకు పడిపోతుంది. చెప్పలేదు.

పోలింగ్ రోజు పొద్దున్నే బూత్ పెట్టిన బడికి పోయాను. చీటీ, గుర్తింపు కార్డు చూశారు. ఎడమచేతి చూపుడు వేలికి సిరా పెట్టారు. సంతకం చేయించుకుని బ్యాలెట్ కాగితం, ముద్ర ఇచ్చారు. అట్టల చాటున ముద్ర గుద్దాక నా వేళ్ళు అలవాటుగా కాగితం మూలలు లోపలికి తిప్పబోయాయి. ఆవిడ మాట గుర్తొచ్చి నిలువుగా మడిచి, అడ్డంగా మడిచి డబ్బాలో వేశాను.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆవిడ మా గేటు ముందు కారు ఆపించింది.

"గీ లైన్ల మీ ఇంట్లనే ఒక్క ఓటు మిగిలింది సేటూ. సిరిసిల్లల ఇల్లేడుందో చెప్పు. ఐదులోపల వదినను తీసుకస్తరు."

డ్రైవరు ఇంజను ఆపలేదు. నేను ఊఁ అంటే ఆ కారు సిరిసిల్లకు బయల్దేరుతుంది.

"ఆమె లేదు చెల్లే. రెండేండ్లాయె."

ఆవిడ మొహం చిన్నబోయింది. "మరి గిన్ని దినాలు?"

"రెండోట్లుంటేనే గదా మీరు కూసుంటరు."

"సచ్చిపోయిందంటే రాకపోదునా?"

రాకపోయేది. అది ఇద్దరికీ తెలుసు. చేతిలోని జాబితా మడిచి, "లోపల లిస్టుల గామె ఇంక బతికే ఉంది" అంది. "ఆఖరు గంటల ఎవతన్నొచ్చి ఏసిపోతే? పోయి చెప్పు సేటూ."

బడి గేటు దగ్గర కానిస్టేబుల్ నా వేలు చూశాడు. "ఓటేసినవ్ గదా, మల్లెందుకు?"

"ఏసుటానికి కాదు సార్, ఆపుటానికి."

లోపల జాబితా పట్టుకున్న మేడం నేను చెప్పింది విని, "పేరు చెప్పుండ్రి" అంది.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. నేనూ ఆమెను ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఓయ్", "ఇన్నవా", దుకాణంలో ఉంటే "ఇంట్లోళ్ళు". అంతే.

"నా కింది నంబరే మేడం."

"నంబర్ కాదు, పేరు. ఏజెంట్లు ఇనాలె."

"మీరే సదువుండ్రి."

"నేను సదివితే ఎట్ల? చెప్పేది మీరు గదా."

ఇక్కడ ధర తగ్గేది కాదని తెలిసింది. చెప్పాను.

"ఫ్యాన్ చప్పుడుకు ఇనబడలే. జర గట్టిగ."

ఆమె పేరు గట్టిగా చెప్పాను. పక్కన ఆడవాళ్ళ లైనంతా నావైపు తిరిగింది. ముగ్గురు ఏజెంట్లు తలలు వంచి తమ తమ జాబితాల్లో అడ్డంగా గీత గీసుకున్నారు. మేడం కూడా తన కాగితంలో ఏదో రాసుకుంది.

"అయిపోయింది. పోవచ్చు."

ఇంకోసారి అడిగితే ఇంకోసారి చెప్పేవాణ్ణి. నోటికి అప్పుడే అలవాటవుతోంది. మేడం నా వెనకాల మనిషి చీటీ అందుకుంది.