దూది పట్టుకున్న చోటు

అటక మీద నుంచి ఆ విల్లు దించేనాటికి మా అమ్మాయి మాట్లాడటం మానేసి నెల దాటిపోయింది. పురిటికని పుట్టింటికి తెచ్చుకున్న పిల్ల. ఏడో నెల నడుస్తుండగా కడుపులో కదలిక ఆగిపోయింది. గుంటూరు తీసుకెళ్లాం. చనిపోయిన బిడ్డను బయటికి తీశారు. మత్తు దిగాక పిల్ల నన్ను ఒక్కటే మాట అడిగింది.

"ఎవరమ్మా?"

ఆడా, మగా అని దాని అర్థం. "తర్వాత చెబుతాలే తల్లీ, పడుకో" అన్నాను. చెప్పొద్దని, చూపించొద్దని పెద్దవాళ్లంతా ఒక్క మాట మీద ఉన్నారు. తెలిస్తే ఆ రూపం మనసులో నిలబడిపోతుందట. తెలియకపోతే పీడకల వచ్చిపోయినట్టు పోతుందట. మా అమ్మ కాలం నుంచీ ఇదే పద్ధతి. పిల్ల మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ఇంకేదీ అడగలేదు. మంచినీళ్లు కూడా.

వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. నోట్లో పెడితే మింగేది, పెట్టకపోతే లేదు. బిడ్డ లేకపోయినా పాలు పడ్డాయి. అవి ఎండిపోవడానికి మల్లెపూలు పెట్టి గుడ్డ బిగించి కట్టాను. వాడిన పూలు విప్పి పారేసి వచ్చాక ఆ వాసనకి నాకు అన్నం సయించేది కాదు. అల్లుడు వచ్చి మంచం పక్కన కూర్చుని, చూసి చూసి వెళ్లిపోయేవాడు. డాక్టరు ఇచ్చిన బిళ్లలు వేశాను. పెదకాకాని వెళ్లి శివయ్యకి మొక్కుకున్నాను. ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ పక్కింటి వదిన కొట్టంలో పెట్టించి తాళం వేయించాను. ఎందుకని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒకనాడు ఏం చేయాలో తోచక అటక వైపు చూశాను. బిందెల వెనక విల్లు కొస కనిపించింది.

హైస్కూల్లో చదివేటప్పుడు ఆటల మాస్టారు పిల్లకి బాణాలు వేయడం నేర్పారు. ఆయన రిటైరయ్యి వెళ్తూ తన సొంత విల్లు దానికే ఇచ్చిపోయారు. ఇప్పుడు పిల్లలు పట్టేవి రంగురంగుల్లో, మరలూ అవీ ఉంటాయట. ఇది పాతకాలపు చెక్కది. పలుచని చెక్కలు పొరలు పొరలుగా అంటించి, రెండు కొసలూ ముందుకు వంచిన విల్లు. పిల్ల అది పట్టుకుని నిలబడితే మా ఆయన పొలం పని మానుకుని మరీ చూసేవాడు. పెళ్లయ్యాక దాన్ని అటక ఎక్కించాం. ఏడాదికోసారి, శ్రీరామనవమి పందిట్లో రాముడి చేతికి పెట్టడానికి కిందికి దించేవాళ్లం.

అది నా చేతిలో కనిపిస్తే పిల్ల ఇటు తిరుగుతుందేమో. ఇక నాకు మిగిలిన దారి అదొక్కటే.

మంచానికి ఎదురుగా గడప మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. పొగా, దుమ్మూ పట్టి నల్లబడింది. పిడి సందుల్లో ఏనాటివో కుంకుమ, పసుపు గట్టిపడి ఉన్నాయి. తడిగుడ్డతో నానబెట్టి, గోటితో గీకి, పొడిగుడ్డతో ఒత్తాను. పక్కింటి వదిన దడి మీద నుంచి తొంగి చూసింది.

"ఏం వదినా, లంక మీదకా పయనం?"

"ఆఁ, నువ్వూ వస్తానంటే తోక కట్టి ముందు నిన్నే పంపుతా."

వదిన పకపకా నవ్వింది. మంచం మీద చలనం లేదు.

"నూనె రాసి మిరపకాయలతో పాటు కాసేపు ఎండలో పడేస్తా, ఆ చెమ్మంతా పోద్ది" అని వదినతో పైకే అన్నాను. తర్వాత విల్లుతో పాటు దించిన సంచిలోంచి తాడు తీసి, విల్లు రెండు కొసలూ దగ్గరికి వంచి, పందిట్లో రాముడి చేతిలో ఎట్టా ఉంటుందో అట్టా కట్టబోయాను. ఏటా మేం కట్టేది అట్టాగే.

"అటు కాదు."

వదిన అన్నదేమోనని దడి వైపు చూశాను. వదిన నోరు తెరిచి నా వెనక్కి చూస్తోంది.

"వెనక్కి కడుతున్నావు. కొసలు అటు ముందుకి ఉండాలి. ఎండలో పెట్టకు, జిగురు వదిలేసుద్ది" అంది మా అమ్మాయి. గొంతు బొంగురుగా, ఎవరిదోలా ఉంది. లేచి కూర్చుంది. వదిన చప్పుడు చేయకుండా దడి దగ్గర నుంచి తప్పుకుంది.

విల్లు తన చేతికి తీసుకుంది. తాడు కొస నుంచి కొసదాకా వేళ్ల మధ్య లాగి చూసి, మైనం అడిగింది. దేవుడి గూట్లో తేనెమైనం ముక్క ఉంటే ఇచ్చాను. రుద్దింది. నెమ్మదిగా నిలబడి, ఒక కాలు విల్లు లోపలినుంచి దాటించి, తొడకి ఆనించి వంచి తాడు ఎక్కించింది. పచ్చి బాలెంత ఒళ్లు, వణుకుతోంది. పట్టుకోబోతే "నువ్వుండు" అంది. విల్లుని ఎదురుగా పెట్టుకుని ఒక కన్ను మూసి చూసింది.

"తాడు నడిమినే పడుతోంది. మెలి తిరగలేదు. నవమికి తిరగేసి కడుతూ ఇన్నేళ్లు చంపారుగా, ఇంకా నిలబడే ఉంది."

"అయితే బాగున్నట్టేనా?"

"ఇంకా చూడాలి. బాగుంటే రేపట్నుంచి వేస్తా."

రేపట్నుంచి! ఆ పిల్ల నోట రేపు అనే మాట విని ఎన్నాళ్లయింది! బస్తాలో పత్తి కుక్కి దొడ్డిగోడకి ఆనించి పెట్టాలి, బాణాలు ఎవరి చేతనైనా తెప్పించాలి, అల్లుడికి ఫోన్ చేసి చెప్పాలి. నా ఆలోచనలు అప్పుడే వీధి చివరికి పోయాయి.

"కాస్త దూది ఇయ్యమ్మా" అంది. ఆఖరి తీత పత్తి వసారా మూలే కుప్పగా ఉంది. గుప్పెడు తీసి, గింజలు వలిచి ఇచ్చాను. పగుళ్లు కంటికి కనపడవట. దూదితో నిమిరితే, ఎక్కడ చెక్క చీలి లేచి ఉందో అక్కడ పోగు పట్టుకుంటుందట. కళ్లు మూసుకుని, పసిపిల్లకి ఒళ్లు రుద్దినట్టు కింది బద్దంతా నిమిరింది. ఏమీ పట్టలేదు. పిడి దాటి పై బద్ద మీదికి వెళ్లింది. వంపు దగ్గర చేయి ఆగకుండా సాగిపోయింది.

కానీ ఆ వంపు దగ్గర సన్నటి పోగు ఒకటి నిలిచిపోయింది. నేను చూశాను. పిల్ల కళ్లు మూసుకునే ఉంది.

ఒక్క ఊదు ఊదితే ఎగిరిపోయేంత పోగు. ఊదేస్తే విల్లు బాగున్నట్టే. రేపు ఉంటుంది. చెబితే పిల్ల మళ్లీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి తిరిగితే ఇక నా వల్ల కాదు. వంగాను కూడా. వంగితే పిల్ల ముఖం దగ్గరగా కనిపించింది. బాణం వేసేటప్పుడు తాడు గడ్డానికి ఆనేదాకా లాగుతుంది. అది విరిగితే ఆ చెక్క ముక్క వచ్చేది ఈ ముఖం మీదికే.

"తల్లీ, ఇక్కడ దూది పట్టుకుందే" అన్నాను.

కళ్లు తెరిచింది. నా ముఖం చూసి, ఆ పోగు చూసింది. గోటితో ఆ చోట నొక్కింది. విల్లుని చెవి దగ్గర పెట్టుకుని తాడు జానెడు లాగింది. టిక్కుమని నాక్కూడా వినిపించింది. లాగిన తాడు వదిలేయకుండా మెల్లగా వెనక్కి పోనిచ్చింది.

"పోయిందమ్మా ఇది. పొర లేచింది."

"జిగురు పెట్టిస్తే? మన వడ్రంగి దగ్గరికి..."

"రాముడికైతే పనికొస్తది. నాకు కాదు."

తాడు దించేసింది. విల్లు మంచం కోడుకి ఆనించింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎందుకు చెప్పాను, ఒక్క రోజు ఆగితే ఏం పోయేది అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. పిల్ల గోడవైపు చూస్తోంది. అలా చూస్తూనే అంది:

"చెప్పావుగా, దూది సంగతి. నువ్వు వంగావు, ఊదేస్తావనుకున్నా."

నోట్లోంచి కొంగు తీశాను.

"అదీ చెప్పు. ఎవరమ్మా?"

పెద్దవాళ్ల మాట, మా అమ్మ మాట, అన్నీ అడ్డం వచ్చాయి. వాటిని దాటించి ఎట్టాగో అన్నాను. "ఆడపిల్ల. తలనిండా జుట్టు. గోళ్లు కూడా వచ్చాయి."

"ఎక్కడ పెట్టారు?"

అది నాకు తెలియదు. ఆడవాళ్లం వెళ్లలేదు. మా ఆయన ఒక్కడే తీసుకెళ్లాడు. తిరిగొచ్చి స్నానం చేశాడు. నేను అడగలేదు. ఇంటి ముందు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న ఆయన్ని కేకేశాను.

"ఏమయ్యా, ఇట్టా రా. పిల్లని ఎక్కడ పెట్టావో దీనికి చెప్పు."

గుమ్మంలోనే ఆగిపోయాడు. "చెప్పొద్దనుకున్నాం కదే" అన్నాడు నా మీద గుడ్లురిమి.

"చెప్పేశా."

అమ్మాయి వైపు చూశాడు. కూతురు ఆయన వైపే చూస్తోంది. స్తంభానికి ఆనుకుని అట్టాగే కిందికి జారి కూర్చున్నాడు.

"మన పత్తిచేను దాటాక కాలవ గట్టు లేదూ, అక్కడమ్మా. రేగడి నేల ఎండకి పగులుద్దని మోకాటి లోతు దాకా తవ్వా. కింద ఇసక పోశా. నా కండువా పరిచి..." తన ఖాళీ అరచేతుల వైపు చూసుకున్నాడు. "బరువే లేదు తల్లీ. మోసుకుపోతుంటే, చేతుల్లో ఉందో లేదో అని ఆగి ఆగి చూసుకున్నా."

పిల్ల ఒక్కసారిగా ఏడ్చింది. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాక ఏడవలేదు. ఆ ఏడుపుకి వదిన పరుగెత్తుకొచ్చి దడి దగ్గరే నిలబడిపోయింది. మా ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పొద్దుటి నుంచీ మిరపకాయల్లో ఉన్న చేతులు. కళ్లు భగ్గుమని "అమ్మా" అన్నాడు.

"చేతులు తియ్యి నాన్నా, రుద్దకు!"

మంచం దిగి, గోలెంలో చెంబు ముంచుకొచ్చింది మా అమ్మాయి. నేను ఆయన తల వెనక్కి పట్టుకున్నాను. ఏడుస్తూనే ఆయన కళ్లల్లోకి నీళ్లు పోసింది. పోస్తూనే అడిగింది.

"దాని కళ్లు తెరిచున్నాయా నాన్నా?"

"మూసుకునే ఉన్నాయమ్మా" అన్నాడాయన, తన కళ్లు తెరవలేక.