మా మొదటి పోట్లాట

పెళ్లయిన పదహారేళ్లకు నేనూ నా భర్తా మొదటిసారి పోట్లాడుకున్నాం. అదీ కందిపప్పు దగ్గర.

అంతవరకూ మాకు పోట్లాడుకునే తీరికే లేదు. ఆయన సైన్యంలో వంటవాడు. మేనత్త కొడుకు గనక నాకు చిన్నప్పటి నుంచీ బావే. ఏడాదికి రెండు నెలలు సెలవు. బావ వస్తున్నాడంటే అరసవల్లిలో నా కుట్టు షాపు సగం రోజులు మూసే ఉండేది. ఒకరి మాట ఒకరు కాదనకుండా, చుట్టాల్లా మర్యాదగా గడిపేవాళ్లం.

ఒక ఏడు సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. పదకొండు రోజులు ఫోన్ లేదు. మా అత్త టీవీ పెట్టనివ్వలేదు. నేను జాకెట్లు కుడుతూ కూర్చున్నాను. వాటిలో రెండింటికి చేతులు తిరగేసి కుట్టానట. తీసుకెళ్లినవాళ్లు విప్పి బాగుచేసుకున్నారే తప్ప నన్నొక్క మాట అనలేదు.

పన్నెండో రోజు ఫోన్ మోగింది.

"ఏటి సేస్తన్నావు?"

"కుడతన్నాను బావా."

"సరే, కుట్టుకో."

అంతే, లైను కట్టయిపోయింది. మిషను మీద తలపెట్టుకుని ఏడ్చేశాను.

మధ్యలో సెలవుకు రాకుండానే మరుసటి ఏడాది సర్వీసు పూర్తి చేసుకుని, ఆమదాలవలస స్టేషన్లో ట్రంకుపెట్టెతో దిగాడు. ఆటోలో కూర్చున్నాక, "మళ్లీ ఎప్పుడెళ్లాలి?" అని అలవాటుకొద్దీ అడిగేసి నాలుక కరుచుకున్నాను. ఆయన పలకలేదు. "బావా" అని గట్టిగా పిలిస్తే నా వైపు తిరిగాడు.

"ఇటుపక్క కూకో. ఆ సెవి పోనాది," అన్నాడు.

ఆ కాల్పుల్లో కొండ మీది పోస్టులకు అన్నం క్యాన్లు మోస్తుండగా దగ్గర్లో ఫిరంగి గుండు పడిందని అప్పుడు చెప్పాడు. ఇల్లు చేరేదాకా ఆయన చెయ్యి వదల్లేదు నేను.

నెలరోజులు బాగానే గడిచింది. ఒకరోజు షాపు నుంచి వచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నీ పొడుగూ పొట్టీ చూసి వరసగా నిలబెట్టి ఉన్నాయి. పొయ్యి మీద పెద్ద గుండిగలో పప్పు ఉడుకుతోంది. రెండు వందల మందికి వండిన చెయ్యి అది. ముగ్గురికి ఎంత వెయ్యాలో దానికి తెలియదు. నెలకని తెచ్చిన పప్పంతా అందులోనే ఉంది. పైగా ఉప్పు డబ్బా కనబడలేదు.

"ఇది నీ కేంపు కాదు బావా. ఇన్నాళ్లూ ఈ ఇల్లు నడిపింది నాను," అన్నాను.

"అయితే నానేటి సెయ్యాల? సుట్టంలాగ కూకోవాలా?" ఆయన గొంతు పెంచాడు. నేనూ పెంచాను. పదహారేళ్లలో అనుకోని మాటలన్నీ ఆ పూటే అనుకున్నాం.

అరుగు మీద నుంచి మా అత్త తాపీగా అంది: "కానీండి. ఇన్నాళ్లకి ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఉన్నట్టున్నాది."

ముందు ఆయనే నవ్వాడు. తర్వాత, "ఉప్పెక్కడ ఎట్టాలో సెప్పు," అని నెమ్మదిగా అడిగాడు.

ఆ పప్పునీ అన్నాన్నీ గుడి దగ్గరి ఆటోస్టాండుకు తీసుకెళ్లాం. గిన్నె ఖాళీ చేసి, "రేపు కూడా ఉంటాదేటి?" అని అడిగారు డ్రైవర్లు. అలా మొదలైంది నా షాపు పక్కన ఆయన భోజనాల బండి. ఆదివారాలు సూర్యదేవుడి దర్శనానికి వచ్చేవాళ్లతో ఊపిరాడదు. రోజూ ఏదో ఒకదానికి ఇద్దరం కీచులాడుకుంటూనే ఉంటాం.

కొండ మీద ఆ గుండు పడిన రోజు, బావతో పాటు అన్నం క్యానుకి రెండో పక్క పట్టుకున్న అతను తిరిగి రాలేదు. అతని భార్య భోగాపురం దగ్గర ఉంటుంది. మొన్న ఇద్దరం వెళ్లాం. ఆవిడ ముందు నా సంతోషం బయటపడకూడదని ముడుచుకుని కూర్చున్నాను. బావ వాళ్ల వంటింట్లోకి వెళ్లి వంకాయ కూర చేశాడు. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.

"అన్న ఇంటికొచ్చినందుకు నాకూ బాగానే ఉన్నాది అక్కా. మా ఆయన గురించి సెప్పడానికి ఒక మనిషున్నాడు," అంది.

ఆ తర్వాత సాయంత్రం దాకా బావ చెబుతూనే ఉన్నాడు. ఆవిడ పక్కన కూర్చుని నేనూ విన్నాను.